పడదు

మా ఇంట్లో వంకాయ మా ఆవిడకి పడదు. అగరొత్తి పొగ మా అమ్మకి పడదు. ఎదురింటివారూ పక్కింటివారూ ఒకరికొకరు పడరు. మూడక్షరాల ఈ చిన్న మాటలో మనవాళ్ళు ఎంత అర్థం ఇమిడ్చారో చూడండి! 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ఇదే సంగతి చెప్పడానికి గ్రీకు భాషలోంచి ‘వేరు’, ‘పని’ అనే అర్థాలున్న రెండు మాటలు తీసుకుని ‘ఎలర్జీ’ అనే పదం పుట్టించాడు. పదిమందికీ పడే వస్తువు ఒక్కరి ఒంట్లో వేరే పని చెయ్యడమన్నమాట.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ దేనికంటారా? మొన్న దసరా ముందు ఆదివారం జరిగిన సంగతి వినండి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అటక దులిపాం. పాత పరుపులూ, పుస్తకాల కట్టలూ కిందికి దింపాం. ఇంటరు రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి ఏకబిగిని పది తుమ్ములు తుమ్మింది. కాస్సేపటికి అవే సర్దుకున్నాయి. సాయంత్రం అందరం మొజంజాహీ మార్కెట్‌కి వెళ్ళాం. 1935లో కట్టిన ఆ నల్లరాతి కట్టడం, గడియారపు గోపురం చూస్తూ సీతాఫలం ఐస్‌క్రీం తినడం మా ఇంటి ఆనవాయితీ. ఇంటికొచ్చి పడుకున్నాం. రాత్రి పది దాటాక పిల్ల లేచి కూర్చుంది. గుండెల్లో పిల్లనగ్రోవి ఊదుతున్నట్టు ఈల. మాట పూర్తికావడం లేదు.

“చూశారా, ఐస్‌క్రీం! నేను చెబుతూనే ఉన్నాను” అంది మా ఆవిడ. నేను దోషిలా నిలబడ్డాను.

ఆస్పత్రికి తీసుకుపోయాం. ముక్కుకి ముసుగు పెట్టి మందు పీల్పించారు. తెల్లవారేసరికి పిల్ల తేరుకుంది. డాక్టరుగారు ఒకే ప్రశ్న అడిగారు: “రోజూ పీల్చే మందు మానేశారా?”

మానేశాం. రెండు నెలలయింది. పిల్ల బాగానే ఉంది గదా అనుకున్నాం. అదొక్కటే కారణమంటే అబద్ధమవుతుంది. “ఆడపిల్లరా! పంపు చేత్తో పట్టుకు తిరిగితే రేపు సంబంధాలకి వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు?” అంది మా అక్కయ్య ఫోన్లో. పదిమందికి చదువు చెప్పే నేను ఆ మాటకి ఎదురు చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం మా కాలేజీ జంతుశాస్త్రం మేష్టారితో ఆ మార్కెట్ ఆవరణలోనే నిలబడి నా గోడు చెప్పుకున్నాను. ఆయన నవ్వి, “మీ ఐస్‌క్రీం ఈ కేసులో నిర్దోషి, మేష్టారూ! అసలు ముద్దాయి మధ్యాహ్నపు దుమ్ము” అన్నారు.

“మరి దుమ్ము మధ్యాహ్నంది, ఆయాసం రాత్రిది కదండీ?”

“అక్కడే ఉంది కిటుకు. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ఎప్పుడైనా లోపలికి వెళ్ళి చూశారా?” అంటూ మొదలుపెట్టారు. ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకు మీకూ చెబుతాను.

పాత పరుపుల దుమ్ములో కంటికి ఆనని పురుగులుంటాయి. వాటి మలినం ముక్కులోకి పోతే మామూలువాళ్ళ ఒళ్ళు పట్టించుకోదు. కాని కొందరి శరీరం దాన్ని శత్రువని ఎప్పుడో ఒకసారి పొరబడి, ‘ఐజీఈ’ అనే రక్షక పదార్థాన్ని తయారుచేసి పెట్టుకుంటుంది. జపాను దంపతులు ఇషిజాకాలు 1966లో కనిపెట్టిన పదార్థమది. అది ముక్కులోనూ ఊపిరిగొట్టాల్లోనూ కాపలా ఉండే మాస్ట్ కణాలకి అంటుకుని కాచుకుంటుంది. దుమ్ము మళ్ళీ తగలగానే ఆ కణాలు హిస్టమిన్ కుమ్మరిస్తాయి. మధ్యాహ్నపు తుమ్ములు అవి. నిమిషాల వ్యవహారం.

అంతటితో ఆగితే బాగుండును. కాపలావాడు ఈల వేసి ఊరుకోడు, ఉత్తరాలు కూడా రాస్తాడు. ఆ ఉత్తరాలే సైటోకైన్లనే మాంసకృత్తులు. కణాన్ని కదిలించేవి అని ఆ పేరుకి అర్థం. వాటిని అందుకున్న తెల్లరక్తకణాలు మళ్ళీ తమ ఉత్తరాలు తాము రాస్తాయి. లింఫు కణాలు పంపే ఇంటర్‌ల్యూకిన్-4 ‘ఐజీఈ ఇంకా కావాలి’ అంటుంది. ఇంటర్‌ల్యూకిన్-5 ఎముకల మూలుగకి వెళ్ళి ‘ఇయోసినోఫిల్ కణాలను పంపండి’ అంటుంది. ఇంటర్‌ల్యూకిన్-13 ఊపిరిగొట్టాల్లో కఫం ఊరిస్తుంది. ఉత్తరాలు రాయాలి, చేరాలి, దండు కదలాలి. అంచేత రెండో వాపు మూడు నాలుగు గంటలు గడిచాక మొదలై, ఎనిమిది పది గంటలదాకా ముదురుతుంది. మధ్యాహ్నపు దుమ్ముకి రాత్రి ఆయాసం అందుకే!

ఇయోసినోఫిల్ మరీ గడుసుది. చాలా కణాలు కబురొచ్చాక ఉత్తరం రాయడం మొదలుపెడితే, ఇది ముందే రాసి తన రేణువుల్లో దాచి ఉంచుతుంది. అవసరాన్నిబట్టి ఏ ఉత్తరం కావాలో దాన్నే చిన్న సంచిలో వేసి గడప దాటిస్తుంది. మూట మొత్తం విప్పనక్కర్లేదు. పోస్టాఫీసులో బట్వాడా వేరుచేసే గుమాస్తా పనితనమే.

ఆ కణం పేరు విని నాకు ముచ్చటేసింది. 1879లో జర్మనీ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ రక్తానికి ఇయోసిన్ అనే ఎర్రరంగు పట్టిస్తే కొన్ని కణాలు దాన్ని ప్రీతిగా పీల్చుకున్నాయట. ఇయోస్ అంటే గ్రీకుల ఉషాదేవి. ఉషస్సు రంగంటే ఇష్టపడే కణం! పేరు ఇంత కవిత్వం, పనేమో యుద్ధం. పురుగులను చంపడానికి దాని దగ్గర విషపదార్థాలున్నాయి. పురుగు లేనిచోట ఆ విషం మన ఊపిరిగొట్టాల పొరనే ఒలిచేస్తుంది.

ఈ కణాల కథలో మన తెలుగునేలకి మంచి చోటుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రిలో డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అనే మరొక వైద్యుడితో కలిసి 1940లో ఒక వింత ప్రకటించాడు. దగ్గు, ఆయాసం, ఎక్స్‌రేలో మచ్చలు, అన్నీ క్షయలాగే. కాని అది క్షయ కాదు. రక్తంలో ఇయోసినోఫిల్ కణాలు విపరీతం! మామూలుగా ఘనమిల్లీమీటరుకి 500 లోపుండేవి ఆ జబ్బులో 3,000 దాటిపోతాయి. బోదకాలు పురుగు పిల్లల మీద శరీరం చేసే అతియుద్ధమే దానికి మూలమని తరవాత తేలింది. దానికి మందు ఎక్కడినుంచి వచ్చింది? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలు నడిపిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలనుంచి. 1947లో వెలువడిన ఆ డైఇథైల్ కార్బమజిన్‌నే నేటికీ ఆ జబ్బుకి వాడుతున్నారు. క్షయ అనుకుని కుమిలిన ఎన్ని కుటుంబాలు ఊపిరి పీల్చుకున్నాయో!

“పంపు రెండు రకాలు, మేష్టారూ” అన్నారాయన చివర్న. “ఒకటి బిగిసిన గొట్టాన్ని నిమిషాల్లో వదులుచేస్తుంది. మంచిదే, కాని ఉత్తరాలను ఆపదు. రెండోది కణం లోపలికెళ్ళి ఉత్తరాలు రాయడాన్నే తగ్గిస్తుంది. అది రోజూ పీల్చాలి. ఫలం కనబడడానికి రోజులు, వారాలు పడుతుంది. బాగుందని మానేస్తే గుమాస్తాలు మళ్ళీ కలాలు తీస్తారు. అది వ్యసనం కాదు, కాపలా. తగ్గించాలన్నా పెంచాలన్నా డాక్టరు చెప్పాలి, బంధువులు కాదు.”

ఆ చివరిమాట నాకు తగలవలసిన చోటే తగిలింది.

అక్కడికి కొద్ది దూరంలోనే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం. మృగశిర కార్తె ప్రవేశించిన రోజున బత్తిన కుటుంబం వారు ఉచితంగా ఇచ్చే చేపమందు కోసం ఎక్కడెక్కడినుంచో జనం వచ్చి, కొర్రమీను పిల్లను మింగడానికి బారులు తీరుతారు. 1845నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. దానివల్ల ఉబ్బసం కుదురుతుందని శాస్త్రపరీక్షల్లో రుజువు కాలేదు. అయినా ఆ బారుని చూసి నవ్వడానికి నాకు నోరు రాదు. ఊపిరాడని బిడ్డను ఎత్తుకున్న తండ్రి ఎంత దూరమైనా వస్తాడు. వచ్చేవారిని నేను కోరేదొక్కటే. దేన్ని నమ్మినా నమ్మండి, రోజూ పీల్చే మందు మాత్రం ఇంటిదగ్గర వదిలేసి రాకండి.

పరుపులు ఎండలో వేయించాం. దుప్పట్లు వేణ్ణీళ్ళలో ఉతికిస్తున్నాం. అటక దులిపే పని నాకు పడింది, పిల్ల పక్కగదిలో. బీరువాలో చీరల కింద దాక్కున్న పంపు ఇప్పుడు పళ్ళపొడి పక్కన, అందరికీ కనబడేచోట ఉంది.

నిన్న మా అక్కయ్య మళ్ళీ ఫోను చేసింది. తీసింది మా ఆవిడ.

“దానికి దుమ్ము పడదు వదినా. రోజూ మందు పీలుస్తోంది. హాయిగా చదువుకుంటోంది. అడిగినవాళ్ళకి మీరూ అలాగే చెప్పండి” అంది.

అవతల కాస్సేపు మాట లేదు. తరవాత మా అక్కయ్య నెమ్మదిగా అడిగిందట: “మా చిన్నవాడికీ రాత్రిళ్ళు అలాగే ఈల వస్తోందే. ఆ డాక్టరు పేరేమిటి?”