రెండో గోల్‌కీపర్ సంగతేంటి?

ఏ ఆటలో చూసినా గోల్‌కీపర్‌దంత అన్యాయమైన ఉద్యోగం ఇంకోటి లేదని నా అభిప్రాయం. ముందర ఆడేవాడు పదిసార్లు గురి తప్పి పదకొండోసారి కొడితే హీరో. కీపరు పది ఆపి పదకొండోది వదిలేస్తే విలను. ఇది అందరూ చెప్పే మాటే లెండి. నేను మాట్లాడదామనుకున్నది ఆ కీపరుకి కూడా వెనకాల ఉండే మనిషి గురించి. పొద్దున్నే లేచి, అదే కిట్టు తొడుక్కుని, అవే బంతులు వంటి మీద వేయించుకుని, మ్యాచి రోజు మాత్రం పక్కన నిలబడే రెండో గోల్‌కీపర్ గురించి.

ఇంత ఆవేశం ఎందుకొచ్చిందంటే, మా ఆఫీసులో ఒకాయన అన్న మాట. 2021లో టోక్యో ఒలింపిక్స్ అయిపోయాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హాకీ క్రీడాకారిణి ఇ. రజనికి పాతిక లక్షలు, తిరుపతిలో ఇంటి స్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. భోజనాల దగ్గర ఆ ప్రస్తావన వస్తే ఆయన "అసలు గ్రౌండులోకే దిగలేదు కదండీ, దేనికి పాతిక లక్షలు?" అన్నాడు. నలుగురూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

రజని ఎవరో తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పూర్తి పేరు ఏటిమరపు రజని. సొంతూరు ఎనుములవారిపల్లె, అప్పటి చిత్తూరు జిల్లా ఎర్రావారిపాలెం మండలం. జిల్లాల విభజన తర్వాత అది తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అలాంటి పల్లె నుంచి బయల్దేరి భారత మహిళల హాకీ జట్టులో గోల్‌కీపర్ అయింది. 2017లో ఆసియా కప్ గెలిచిన జట్టులో ఉంది. 2018 ఆసియా క్రీడల్లో రజతం, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్లలో ఉంది. ఈ జట్లన్నిటిలోనూ ఆమెతో పాటు ఇంకో గోల్‌కీపర్ కూడా ఉంది. ఆమె పేరు సవిత.

సవితది హర్యానాలోని సిర్సా జిల్లా. అంతర్జాతీయ హాకీ సమాఖ్య 2020-21 నుంచి వరసగా మూడుసార్లు ప్రపంచంలోకెల్లా ఉత్తమ గోల్‌కీపర్‌గా ఎంచుకున్న మనిషి. సవిత పుట్టింది 1990లో. రజని పుట్టింది కూడా 1990లోనే! ఇక్కడే ఉంది అసలు తిరకాసు. ఫార్వర్డులైతే ముగ్గురు నలుగురు ఒకేసారి ఆడొచ్చు, అలసిపోతే బయటికొచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళొచ్చు. గోల్‌పోస్టు దగ్గర కుర్చీ ఒక్కటే. అందులో మీ ఈడుదే ఇంకో అమ్మాయి కూర్చుని, ఆ అమ్మాయి ప్రపంచంలోనే ది బెస్ట్ అయితే మీరేం చేస్తారు? ఆమె ముసలిదయ్యేదాకా ఆగుదామంటే మీరూ అప్పటికి ముసలివాళ్ళవుతారు.

2016లో మన ఆడవాళ్ళ హాకీ జట్టు 36 ఏళ్ళ తర్వాత ఒలింపిక్స్‌కి వెళ్ళింది. రియోకి రజని రిజర్వు. టోక్యోకీ రిజర్వే. ఒలింపిక్స్ జట్టంటే మామూలుగా 16 మందే. (టోక్యోలో కోవిడ్ వల్ల కాస్త సడలించారు.) ఆ పదహారులో రెండో కీపరుని పెట్టుకుంటే మైదానంలో పరిగెత్తే మనిషి ఒకరు తగ్గిపోతారు. అందుకని కీపరు ఒక్కరే ఉంటారు, రెండో ఆమె జట్టు వెంట ఉంటుంది. మొదటి కీపరుకి ఏదన్నా అయితే తప్ప పిలుపు రాదు. తోటి మనిషికి దెబ్బ తగలాలని కోరుకోలేరు, తగిలితే మాత్రం మరుక్షణంలో సిద్ధంగా ఉండాలి. ఆ స్థితిలో మనసు ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి.

2021 ఆగస్టు 2న క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాని 1-0తో కొట్టి మనవాళ్ళు మొదటిసారి ఒలింపిక్ సెమీస్‌కి వెళ్ళారు. గుర్జీత్ కొట్టిన గోలు అందరికీ గుర్తుంది. సవిత ఆపిన బంతులు కొందరికి గుర్తున్నాయి. అంతకుముందు నెలల తరబడి జరిగిన క్యాంపుల్లో మన డ్రాగ్ ఫ్లిక్కర్లు ఎవరి మీద కొట్టి చెయ్యి సవరించుకున్నారు? ఎదురుగా గోల్‌కీపర్ లేకుండా పెనాల్టీ కార్నర్ ప్రాక్టీస్ కుదరదు కదా. నూట అరవై గ్రాముల గట్టి బంతి, గంటకి వంద కిలోమీటర్ల పైన వేగం, రోజుకి ఎన్నెన్ని! ఆ దెబ్బలు కాసిన కీపర్లలో రెండో కీపరు కూడా ఉంటుంది. ఇక "ఆడలేదు కదా" అనే మాటకి అర్థమేముంది?

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది ఇంకా తేలిగ్గా అర్థం కావాలి. ఏ పెద్ద సిస్టమ్‌కైనా ఒక స్టాండ్‌బై సర్వర్ పెడతాం. ఏడాది పొడుగునా అది ఒక్క రిక్వెస్టుకి కూడా జవాబు ఇవ్వకపోవచ్చు. అయినా దానికీ కరెంటు బిల్లు కడతాం, ప్యాచులు వేస్తాం, డేటా ఎప్పటికప్పుడు కాపీ చేస్తాం. "ఈ ఏడు వాడలేదు కాబట్టి డబ్బు దండగ" అని ఏ మేనేజరన్నా అంటే అతనికి ఆ పని తెలియదని అర్థం. మెషీన్‌కి ఇచ్చే ఆ మాత్రం గౌరవం మనిషికి ఇవ్వలేమా?

ఈ విషయంలో మంచు మీద ఆడే ఐస్ హాకీ వాళ్ళు మనకన్నా తెలివిగలవాళ్ళు. అమెరికా, కెనడాల్లోని ఎన్‌హెచ్‌ఎల్ లీగులో 32 జట్లు. ప్రతి మ్యాచికీ ఇద్దరు గోల్‌కీపర్లు కిట్టుతో సిద్ధంగా ఉండాల్సిందే. సీజన్‌కి 80కి పైగా మ్యాచిలు కాబట్టి రెండో ఆయనకీ బోలెడు మ్యాచిలు దొరుకుతాయి. దొరక్కపోయినా జీతం ఆగదు. 2025-26 సీజన్లో ఆ లీగులో కనీస జీతం 7,75,000 డాలర్లు. బెంచి మీద కూర్చున్నా అంతకి తగ్గకూడదు. అంత డబ్బు మన దగ్గర లేదు, నిజమే. కానీ వాళ్ళు డబ్బిస్తున్నది సిద్ధంగా ఉన్నందుకు. ఆ లెక్క మనమూ నేర్చుకోవచ్చు.

అదే లీగులో 2020 ఫిబ్రవరి 22న టొరంటోలో ఒక తమాషా జరిగింది. కరోలైనా జట్టు కీపర్లిద్దరూ ఒకే మ్యాచిలో గాయపడ్డారు. అలాంటప్పటి కోసమని స్టేడియంలో ఒక అత్యవసర గోల్‌కీపర్‌ని కూర్చోబెడతారు. ఆ రోజు ఆ మనిషి డేవిడ్ ఏయర్స్. వయసు 42. మంచు చదును చేసే బండి నడిపినవాడు. 2004లో వాళ్ళమ్మ ఇచ్చిన కిడ్నీతో బతికి బట్టకట్టినవాడు. మొదటి రెండు షాట్లూ గోలైపోయాయి. తర్వాత వచ్చిన ఎనిమిదీ ఆపాడు. కరోలైనా 6-3తో గెలిచింది! ఇదంతా అదృష్టం అని కొట్టిపారేస్తారేమో. ఆయన ఏళ్ళ తరబడి ప్రొఫెషనల్స్ ప్రాక్టీసులో షాట్లు ఆపుతూ ఉన్నవాడు. అవకాశం అదృష్టం వల్ల వస్తే రావచ్చుగాక, ఎనిమిది ఆపడం మాత్రం అదృష్టం కాదు.

రజనికి కూడా అలా ఒక వంతు వచ్చింది, కాకపోతే వేరే దారిలో. ఐదుగురేసి ఆడే హాకీ-5ఎస్ అని చిన్న మైదానం ఆట ఒకటుంది. 2022లో లౌసాన్‌లో జరిగిన టోర్నమెంటుకి వెళ్ళిన భారత జట్టుకి రజనే కెప్టెన్. 2024 జనవరిలో మస్కట్‌లో ఆ ఆటకి మొట్టమొదటి మహిళల ప్రపంచ కప్ జరిగితే దానికీ ఆమే కెప్టెన్. ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 7-2తో ఓడిపోయి రజతంతో వచ్చారు. ఒక తెలుగమ్మాయి నాయకత్వంలో భారత హాకీ జట్టు ప్రపంచ కప్ ఫైనల్ ఆడితే మనలో ఎంతమందికి తెలుసు? మా ఆఫీసులో అడిగితే ఒక్కరికీ తెలియదు.

ఇక నాకెందుకింత పట్టింపంటే... మా అక్కావాళ్ళు మాధవరంలో ఉంటారు. కర్నూలు జిల్లా పడమటి కొసన, మంత్రాలయం దగ్గర. అక్క కూతురు ఎనిమిదో తరగతి. బళ్ళో హాకీ ఆడుతోంది, అందులోనూ గోల్‌కీపరు. కాళ్ళకి కట్టుకునేది ఎవరో ఇచ్చిన పాత క్రికెట్ ప్యాడ్లు. మొన్న అక్క ఫోన్ చేసి "నువ్వన్నా చెప్పురా దానికి. ముందర ఆడే పిల్లల పేర్లే పేపర్లో వచ్చేది. ఎనకల నిలబడేదానికి ఏమొస్తాది? దెబ్బలు తప్ప" అంది. మానేయించమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బాగుంటుంది, ఆడించు అనడానికి ధైర్యమూ చాలలేదు. లెక్కలు అలా ఉన్నాయి మరి. దేశం మొత్తానికి కుర్చీ ఒకటి, పక్కన స్టూలు ఒకటి. 2025లో మొదలైన మహిళల హాకీ ఇండియా లీగులో నాలుగే జట్లు, తెలుగు ఊరి పేరుతో ఒక్కటీ లేదు. ఆడపిల్ల హాకీని నమ్ముకుని బతకాలంటే చివరికి రైల్వేల్లాంటి ఉద్యోగమే దిక్కు. రజని ఆడింది కూడా రైల్వేస్ జట్టుకే.

ఎమ్మిగనూరు నేతపని ఇళ్ళల్లో చూడండి. మగ్గం మీద కూర్చున్నాయనకి కూలి ఉంటుంది. పక్కన కూర్చుని కండెలు చుట్టే ఆడమనిషికి విడిగా లెక్కే ఉండదు. కండె లేకుండా ఒక్క పోగు కూడా పడదని మాత్రం అందరికీ తెలుసు. రెండో కీపరుకీ మనం అదే అన్యాయం చేస్తున్నాం.

అందుకని నావి మూడు కోరికలు. ఒకటి: గోల్‌కీపర్ కిట్టు బడి కొనాలి, పిల్లల తల్లిదండ్రులు కాదు. హాకీ కర్ర ఒక కూలి కుటుంబం ఎలాగోలా కొంటుంది. హెల్మెట్టు, ఛాతీ గార్డు, కాళ్ళ ప్యాడ్లు, కిక్కర్లు కలిపితే వాళ్ళ తరం కాదు. కిట్టు లేక కీపరు కాలేకపోయిన పిల్లలు ఎంతమందో! రెండు: జిల్లా జట్టయినా, రాష్ట్ర జట్టయినా ఇద్దరు కీపర్లకీ ఒకే భత్యం, ఒకే సర్టిఫికెట్. చిన్న టోర్నమెంట్లలో రెండో కీపరుకి కనీసం ఒక మ్యాచి ఇచ్చి తీరాలి. మూడు: డబ్బు ముందు రావాలి. ఒలింపిక్స్ నుంచి తిరిగొచ్చాక ఇచ్చిన పాతిక లక్షలు మంచివే, నేను కాదనను. కానీ అందులో చిన్న ముక్క పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలకి నెలనెలా ఇస్తే ఇంకో పదిమంది ఆ దారిలో ఆగిపోకుండా ఉంటారు. ఒడిశా 2018 నుంచి జాతీయ హాకీ జట్లకే స్పాన్సర్‌గా నిలబడింది. మనం కనీసం మన మండలాల్లో ప్యాడ్లు కొనలేమా?

ఇక మా ఆఫీసు ఆయన ప్రశ్నకి నా జవాబు: ఆ పాతిక లక్షలు టోక్యోలో ఆడనందుకు కాదండీ, అక్కడ ఏ నిమిషంలో పిలిచినా దిగడానికి సిద్ధంగా ఉన్నందుకు. నన్నడిగితే అవి ఆలస్యంగా వచ్చిన జీతం బకాయిలు. మీరేమంటారు?