గ్యారేజీ మాట విన్నదెవరు?

బెజవాడ పాత బస్టాండులో మీరెప్పుడైనా బస్సెక్కారా?

ఎక్కే ఉంటారు. బీసెంట్ రోడ్డులో పండగ బట్టలు కొని, రెండు చేతుల్లో సంచులతో, చంకలో పిల్లతో పరిగెత్తి ఎక్కే ఉంటారు. ఫస్ట్ షో వదిలాక ఆటో బేరం కుదరక ఎక్కే ఉంటారు. కాలేజీ రోజుల్లో పాసు జేబులో పెట్టుకుని ఫుట్‌బోర్డు మీద వేళ్లాడే ఉంటారు.

మరి ఆ బస్సు రాత్రి ఎక్కడ పడుకుంటుందో ఎప్పుడైనా అడిగారా?

అడగలేదు.

ఇప్పుడు ఆ చోటుకే ఎసరొచ్చింది. ఇప్పుడూ అడగడం లేదు.

2025 జూలైలో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. గవర్నరుపేటలోని పాత బస్టాండు, గవర్నరుపేట-1, గవర్నరుపేట-2 డిపోలున్న నేల, మొత్తం 4.15 ఎకరాలు. మాల్ కట్టుకోమని లులు సంస్థకి. 99 ఏళ్ల లీజు. పేపర్లో వచ్చింది. మీరు చదివారు. "పోన్లే, ఊళ్లోకి పెద్ద మాల్ వస్తుంది" అనుకుని పేజీ తిప్పేశారు.

తొంభై తొమ్మిదేళ్లంటే ఎంతో ఆలోచించారా? ఆర్టీసీ పుట్టిందే 1958లో. దాని వయసంతా కూడినా ఇంకా డెబ్భై నిండలేదు. ఇవాళ మీ ఇంట్లో ఉయ్యాల్లో ఉన్న మనవడు కర్ర పట్టుకుని నడిచే వయసు దాటిపోయినా ఆ నేల వెనక్కి రాదు. దీన్ని లీజంటారా?

మా నాన్న ఆ గ్యారేజీలో మెకానిక్. నైట్ డ్యూటీ ఉన్నప్పుడు నేనే క్యారేజీ పట్టుకెళ్లేవాణ్ణి. గేటు దాటగానే డీజిలూ గ్రీజూ కలిసిన వాసన ముక్కుని పట్టుకునేది. నాన్న గుంతలో ఉండేవాడు. పైన బస్సు. దాని కింద బల్బు వెలుతుర్లో నాన్న తలా, చేతులూ మాత్రం కనిపించేవి. బయటికొచ్చి డీజిల్‌తో చేతులు కడిగి, రంపపు పొట్టుతో రుద్ది, ఆ తర్వాత సబ్బు. అయినా గోళ్ల చుట్టూ నలుపు పోయేది కాదు. ఆ చేత్తోనే నాకు ముద్ద కలిపి పెట్టేవాడు.

అన్నం తిన్నాక సుత్తి తీసుకునేవాడు. చక్రాల నట్లు ఒక్కొక్కటీ కొట్టి చూడాలి. బిగువుగా ఉన్న నట్టు ఖంగుమంటుంది. వదులైనది గొంతు పూడినట్టు పలుకుతుంది. ఒక రాత్రి వెనక చక్రం దగ్గర ఆగిపోయాడు. మళ్లీ కొట్టాడు. తల వంచి ఇంకోసారి కొట్టాడు.

"విన్నావా?" అన్నాడు.

నాకేం తేడా తెలియలేదు.

"తెల్లారి నాలుగున్నరకి ఇది మైలవరం వెళ్తుందిరా. అరవై మంది ఎక్కుతారు. ఈ చప్పుడు వాళ్లకి వినపడదు. మనకి వినపడాలి."

మీరు కిటికీ పక్క సీటులో తల వాల్చి నిద్రపోయిన ప్రతి ప్రయాణం వెనకా, గుంతలో నిలబడి ఎవరో ఒకరు విన్నారు. మీ కోసం విన్నారు. మీకు తెలుసా ఆ సంగతి? తెలిసే ఊరుకున్నారా?

దసరాకి కొండ మీద అమ్మవారికి ఎంత సందడో, కింద గ్యారేజీలో ఆయుధపూజకీ అంతే. స్పానర్లకి కుంకుమ బొట్లు, జాకీకి బంతిపూల దండ, బస్సు ముందు అరటి పిలకలు, చక్రం కింద నిమ్మకాయ. బూడిద గుమ్మడికాయలు పగిలిన ఆ నేల మీద రేపు ఎస్కలేటరు తిరుగుతుందట. దాని మీద నిలబడి మీరు సెల్ఫీ దిగుతారా?

అసలు ఈ బస్సు రూట్లు జనం చేతికి ఎలా వచ్చాయో గుర్తుందా? కృష్ణా జిల్లాలో బస్సులు నడిపింది ఒకప్పుడు ప్రైవేటు యజమానులు. ఆ రూట్లని ఆర్టీసీ తీసుకుంటానంటే వాళ్లు సుప్రీంకోర్టుకెక్కారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసు. లా చదివే పిల్లలకి ఇవాళ్టికీ పాఠం. 1958 నవంబరులో కోర్టు ఆ జాతీయీకరణ స్కీమునే కొట్టేసింది. కారణమేంటి? అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, నిర్ణయం చెప్పింది ముఖ్యమంత్రి. విన్నవాడొకడు, తేల్చేవాడింకొకడూ అయితే అదేం విచారణ అంది కోర్టు. మళ్లీ విచారణ జరిగింది. ఈసారి ముఖ్యమంత్రే కూర్చుని విన్నారు. వ్యవహారం 1959లో మళ్లీ సుప్రీంకోర్టు దాకా పోయింది. అంత కొట్లాట జరిగితేగాని ఎర్ర బస్సు మన వీధిలోకి రాలేదు.

బస్సు యజమానుల గోడు సరిగ్గా వినలేదని దేశంలో అన్నిటికన్నా పెద్ద కోర్టు తప్పుపట్టింది. న్యాయమే.

మరి ఇవాళ గ్యారేజీ గోడు ఎవరు విన్నారు? డ్రైవర్నడిగారా? గ్యారేజీలో పనిచేసే శ్రామిక్‌నడిగారా? పాసు మీద చదువుకునే పిల్లనడిగారా?

మిమ్మల్నడిగారా?

అడక్కపోతే మీకు కోపమెందుకు రాలేదు?

గొల్లపూడిలో వేరే స్థలం ఇస్తామంటున్నారు. ఆ మాట వినగానే మీ మనసు కుదుటపడింది కదా! కాస్త లెక్క వేయండి. బస్సు ఊరికి పడమటి కొసన పడుకుంటుంది. తెల్లారి తూర్పున ఆటోనగర్‌కో, పెనమలూరుకో, కంకిపాడుకో డ్యూటీ. ఊరంతా ఖాళీగా దాటి వెళ్లాలి. రాత్రి మళ్లీ ఖాళీగా రావాలి. గ్యారేజీలో దాన్ని డెడ్ కిలోమీటర్లంటారు. ఎక్కేవాడుండడు, టికెట్టుండదు, డీజిల్ మాత్రం కాలుతుంది. ఆ కాలిన డీజిల్‌ని నష్టం ఖాతాలో రాస్తారు. ఆ నష్టం చూపించే రేపు మీ వీధి రూటు ఎత్తేస్తారు.

రాత్రి పదిన్నరకి టికెట్లిచ్చే మిషన్ అప్పజెప్పి, క్యాష్ కట్టి, రసీదు తీసుకుని బయటపడే కండక్టరమ్మ సంగతి? గవర్నరుపేట అయితే నాలుగడుగులేస్తే మెయిన్ రోడ్డు, దుకాణాల వెలుతురు, కాస్త దూరంలో రైల్వే స్టేషను. గొల్లపూడి నుంచి ఆ వేళప్పుడు ఏ బస్సెక్కి ఇంటికి పోతుంది? ఊరంతటినీ ఇంటికి చేర్చే మనిషిని ఇంటికి చేర్చేదెవరు?

ఆర్టీసీ విషయంలో మనం చూసీచూడనట్టు వదిలేసినవి ఒకటా రెండా? రిటైరైన మెకానిక్ స్థానంలో కొత్తవాణ్ణి వేయకపోతే ఊరుకున్నాం, ఒక్క మనిషి మీద ముగ్గురి పని పడితే ఊరుకున్నాం, ఒక బస్సు పార్టు ఊడదీసి ఇంకో బస్సుకి బిగిస్తే ఊరుకున్నాం, వాన కురిస్తే బస్సులోనే గొడుగు విప్పుకుని కూర్చున్నాం, సొంత బస్సులు తగ్గి అద్దె బస్సులు పెరుగుతుంటే రంగు ఒకటేగా అని సర్దుకున్నాం, డబుల్ డ్యూటీ చేసి కళ్లు మూతలు పడుతున్న డ్రైవర్ని లేటెందుకయిందని తిట్టాం, చిల్లర కోసం కండక్టరమ్మని నలుగుర్లో కడిగేశాం, రాజకీయ సభలకి బస్సులన్నీ తోలుకుపోతే ఆ రోజుకి సెలవు పెట్టుకున్నాం, బస్టాపు షెల్టరు ఫ్లెక్సీల వెనక మాయమైతే ఎండలో నిలబడ్డాం, బస్టాండు మరుగుదొడ్డికి గడియ లేకపోతే ముక్కు మూసుకుని బయటికొచ్చాం, 2020 జనవరి 1న సిబ్బందిని ప్రభుత్వంలో కలిపారంటే వాళ్లకేం బాగానే ఉందిలే అని కుళ్లుకున్నాం, వాళ్ల కాళ్ల కింద నేలని మాల్‌కి రాసిచ్చారంటే మాత్రం మనకెందుకులే అని టీవీ ఛానల్ మార్చాం!

మనకెందుకులే.

ఈ ఊరిని తినేస్తున్న మాట ఇదే.

2025 జూలైలో గ్యారేజీ నేల ఇచ్చేశారు. మరుసటి నెలే, ఆగస్టు 15న, స్త్రీ శక్తి పేరుతో ఆడవాళ్లకి బస్సు ఉచితమన్నారు. మంచి పని. మనస్ఫూర్తిగా అంటున్నాను. ఛార్జీకి వెనకాడి గడప దాటని అమ్మలు ఇప్పుడు ఆస్పత్రికి పోతున్నారు, కూతుళ్ల ఇళ్లకి పోతున్నారు. అలాంటప్పుడు బస్సులు పెరగాలా, తగ్గాలా? పెరిగే బస్సులకి ఊరి నడుమ చోటు కావాలా, వద్దా? కరెంటు బస్సులంటున్నారు. వాటిని ఎక్కడ నిలబెట్టి ఛార్జింగ్ పెడతారు? ఈ చేత్తో బస్సునిచ్చి ఆ చేత్తో దాని ఇల్లు లాక్కుంటే దాన్ని ఏమనాలి?

అభివృద్ధికి అడ్డం పడుతున్నానంటారా? మాల్ వద్దని నేననలేదు. బెజవాడ చుట్టూ నేలకి కరువొచ్చిందా? కారున్నవాళ్లు పది కిలోమీటర్లు పోయైనా మాల్‌లో తిరిగొస్తారు. బస్సు కోసం పది కిలోమీటర్లు ఎవరు పోతారు? 1990లో పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ వచ్చి దూరపు బస్సులు అటు పోయాక, ఊళ్లో తిరిగేవాళ్లకి ఊరి నడుమ ఆసరా ఈ పాత బస్టాండు. దాన్నీ లాగేస్తే వాళ్లెక్కడికి పోవాలి?

మీకు కారుంది. అదేగా మీ ధీమా?

మీ ఇంట్లో గిన్నెలు తోమే మనిషి దేంట్లో వస్తుంది? మీ అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్య? మీ షాపులో పనిచేసే కుర్రాడు? మీ నాన్నకి సూది మందు వేయడానికొచ్చే నర్సమ్మ? వాళ్లు పావుగంట ఆలస్యమైతే నాలుగుసార్లు ఫోన్ చేస్తారే, వాళ్ల బస్సు నెలవునే తీసేస్తుంటే ఒక్క ఫోన్ చేయలేరా? ఓటడగడానికి గుమ్మంలోకి వచ్చినవాళ్ల నంబర్లు మీ దగ్గర లేవా?

నాన్న పోయి ఏళ్లయింది. ఆయన సుత్తి మా ఇంట్లో ఉంది. పిడి మీద ఆయన అరచేయి పట్టిన చోట కర్ర అరిగి నున్నబడింది.

ఆయన మీ చక్రం చప్పుడు విన్నాడు. ఆయనతో పాటు వందల మంది ఏళ్ల తరబడి, రాత్రుళ్లు నిద్ర మాని విన్నారు. ఇప్పుడు మీ వంతు. మీ ఎమ్మెల్యేని అడగండి. కార్పొరేటర్ని అడగండి. కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు, ఒక కాగితం రాసివ్వండి. ఊరి నడుమ బస్సు గ్యారేజీ ఉండాలని ఒక్క వాక్యం రాస్తే చాలు.

అది కూడా చేయలేకపోతే, మీ వీధికి మొదటి బస్సు రాని రోజున కండక్టరమ్మ మీద మాత్రం అరవకండి.