వసంత పరుగు విదేశాలకు సరే. గండికోటకు పుష్యమే మేలు

జమ్మలమడుగు (మా విలేఖరి):

నగరాలలో హాఫ్ మారథాన్ పరుగులకు ఏటికేడు ఆదరణ పెరుగుతోంది. హైదరాబాదులో ఆగస్టు నెలలోను, విశాఖ సాగరతీరాన నౌకాదళం ఆధ్వర్యంలో నవంబరు, డిసెంబరు నెలలలోను వేలాదిమంది పరుగు తీస్తున్నారు. గండికోట అభివృద్ధికి కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఈ నేపథ్యంలో పెన్నా లోయ చెంత కూడా అటువంటి పరుగు ఎందుకు జరపకూడదన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. తప్పక జరపవచ్చు. అయితే ఏ నెలలో, ఏ వేళకు, ఎవరి కోసం అన్న మూడు ప్రశ్నలకు ముందుగా జవాబు చెప్పుకోవలసి ఉంది.

హాఫ్ మారథాన్ దూరం 21.0975 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన 42.195 కిలోమీటర్లే తరువాతి కాలంలో మారథాన్‌కు ప్రమాణమైంది. అందులో ఇది సగం. మన లెక్కలో చెప్పాలంటే జమ్మలమడుగులో బయలుదేరి ఆగకుండా ప్రొద్దుటూరు దాకా పరుగెత్తినట్లే. బాగా సాధన ఉన్నవారు గంటన్నరలో ముగించినా, సామాన్యులకు రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. చిక్కంతా ఈ మూడు గంటలలోనే ఉంది.

అక్కడి వసంతం వేరు

ప్రేగ్, బెర్లిన్ వంటి ఐరోపా నగరాలలో మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో హాఫ్ మారథాన్‌లు జరుగుతాయి. అప్పటికి చలి తగ్గి చెట్లు చిగురిస్తుంటాయి. గాలి మాత్రం ఇంకా చల్లగానే ఉంటుంది. పరుగుకు అంతకంటే అనువైన కాలం వారికి లేదు. మనకూ వసంతం అప్పుడే. ఉగాదికి వేప పూస్తుంది, మామిడి పిందె కడుతుంది. కాని శివరాత్రి దాటితే సీమలో ఎండ ముదిరినట్లే. ఏప్రిల్‌లో కడప జిల్లాలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు తాకడం మామూలే. ఉదయం ఎనిమిది గంటలకే నీడ వెతుక్కోవలసి వస్తుంది. గండికోట ఎర్రరాతి బండలు ఒకసారి కాగితే సాయంత్రం దాకా సెగ చిమ్ముతూనే ఉంటాయి.

ముంబయి వారు జనవరిని, విశాఖ వారు శీతకాలపు తొలి నెలలను ఎంచుకున్నది ఇందుకే. బెంగుళూరులో ఏప్రిల్‌లో పరుగు జరపడం లేదా అని అడిగేవారు ఉండవచ్చు. ఆ నగరం సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి దూరమూ 10 కిలోమీటర్లే. ఆ లెక్క ఇక్కడికి సరిపోదు.

ఎండదెబ్బ ఎలా తగులుతుంది

పరుగెత్తేటపుడు శరీరం ఖర్చుచేసే శక్తిలో సుమారు ముప్పాతిక భాగం వేడిగానే మారుతుంది. ఆ వేడిని చెమట బయటికి పంపాలి. బయటి గాలి కూడా వేడిగా ఉంటే శరీరం చల్లబడదు. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మనిషి తడబడుతూ పొంతనలేని మాటలు మాట్లాడితే అది ఎండదెబ్బే. అటువంటివారిని వెంటనే నీడకు చేర్చి, చన్నీటిలో ముంచో, నిండా తడిపో ముందు చల్లబరచాలి; ఆసుపత్రికి తరలించడం ఆ తరువాత. దాహమని వట్టి నీళ్లు అతిగా తాగినా ఒంటిలో ఉప్పు పలచబడి ప్రమాదమే. ఉప్పు కలిపిన మజ్జిగ మన పెద్దలు ఊరికే చెప్పినది కాదు.

ఇక్కడ పరుగు బతుకుతెరువు

నగరాలలో పరుగు ఆరోగ్యం కోసమో, సరదా కోసమో కావచ్చు. మన పల్లెలలో తెల్లవారుజామున రోడ్డు వెంట పరుగెత్తే యువకుల ఆశ వేరు. కానిస్టేబుల్ ఉద్యోగానికి మగవారు 1600 మీటర్లు 8 నిమిషాలలో, ఆడవారు పదిన్నర నిమిషాలలో పూర్తిచేయాలి. సైన్యంలో చేరేందుకూ పరుగు పరీక్ష దాటవలసిందే. రాష్ట్రంలో 2022 నవంబరులో ప్రకటించిన 6,100 కానిస్టేబుల్ పోస్టులకు దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు చివరలో. రెండేళ్లు వేచి ఉన్నవాడు ఒళ్లు సహకరించకపోయినా ఆగడు. 2025 జనవరిలో మచిలీపట్నంలో ఒక అభ్యర్థి 1600 మీటర్ల పరుగు తరువాత కుప్పకూలి ప్రాణాలు కోల్పోయాడు. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుళ్ల ఎంపికకు 10 కిలోమీటర్ల పరుగు పెట్టగా పదిమందికి పైగా మరణించారు. అవి జరిగినవి ఆగస్టు, సెప్టెంబరు నెలల ఉక్కలో. పరుగు పెట్టేవారు ఈ ఉదంతాలను మరువరాదు.

కనుక గండికోట పరుగు కేవలం యాత్రికుల వేడుకగా మిగిలిపోతే స్థానికులకు ఒరిగేది తక్కువ. ముందుగా వైద్య పరీక్ష, పది వారాలైనా క్రమంగా దూరం పెంచే శిక్షణ, దారిలో నీళ్లు - ఇవన్నీ పరుగు పేరిట మన యువకులకు అందితే అదే అసలు ప్రయోజనం. పరుగు ముగిసినా శిక్షణ మిగులుతుంది.

చేయవలసిన ఏర్పాట్లు

గండికోట ఉత్సవాలను 2020లో జనవరిలోనే జరిపారు. సంక్రాంతి ముందరి ఆ రోజులే పరుగుకూ తగినవి. సూర్యోదయానికి ముందే మొదలుపెడితే చివరివారు కూడా తొమ్మిది గంటలకు గమ్యం చేరుకుంటారు. జమ్మలమడుగు నుంచి కోటకు దూరం సుమారు 15 కిలోమీటర్లు. చివర ఎక్కుడు దారి. తొలి ఏడు 21 కిలోమీటర్లకు పోకుండా 5, 10 కిలోమీటర్లతో సరిపెట్టి, అనుభవం వచ్చాక పెంచడం వివేకం. లోయ అంచున ఉన్న బండల మీదికి పరుగు బాటను ఎట్టి పరిస్థితిలోను తీసుకుపోరాదు. అందం చూడవలసినది నిలబడి, పరుగెడుతూ కాదు.

రెండేసి కిలోమీటర్లకు ఒక నీటి పందిరి, ఉప్పు మజ్జిగ, మంచు, వైద్య సిబ్బంది ఉండాలి. 108 వాహనాలు దారిలోనే నిలిచి ఉండాలి. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికి ముందుగానే సమాచారం ఇవ్వాలి. ఆ రెండు మూడు గంటలు లారీలు, బస్సులను వేరే దారికి మళ్లించాలి. ఈ ప్రాంత యువతీ యువకులకు ప్రవేశ రుసుము లేకుండా చేయాలి. బహుమతికన్నా ముందు బూట్లు లేనివాడికి బూట్లు ఇవ్వడం మంచిది.

కోట్ల రూపాయలతో కోటకు మెరుగులు దిద్దుతున్న తరుణంలో ఇందుకయ్యే ఖర్చు పెద్దది కాదు. పర్యాటక, క్రీడా, వైద్య, పోలీసు శాఖల వారు వేసవికి ముందే ఒకచోట కూర్చుని నిర్ణయిస్తే వచ్చే పుష్యమాసానికి పరుగు సాధ్యమే. తొందరపడి ఎండలో పెట్టే పరుగుకంటే, ఒక ఏడు ఆగి చలిలో పెట్టే పరుగే ఈ ప్రాంతానికి మేలు చేస్తుంది.