రాతిగూట్లో వేసవి రాత్రి

బాలలూ! వేసవి రాత్రి మీరెక్కడ పడుకుంటారు? మిద్దె మీదనో, వాకిట్లో నులకమంచం మీదనో పడుకుంటారు కదూ! ఇంట్లో ఉక్క, బయట గాలి. మరి మీ కోళ్ళను ఎక్కడ పడుకోబెడుతున్నారు? చుట్టూ బండలు, పైన ఇంకో బండ, లోపలికి తోలిన తర్వాత ముందు అడ్డంగా మరో బండ. ఇది నాకు న్యాయంగా తోచడంలేదు. ఎందుకో చెబుతాను, వినండి.

అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల పేరుతో వెలసిన ఊరు, అంత పెద్ద చెరువు. చెరువు ఉన్నంత మాత్రాన నీళ్ళున్నాయనుకోకండి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమ ఇది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఊళ్ళో నాకు తెలిసిన ఒక అవ్వ ఉంది. ఒక మే నెల సాయంత్రం ఎనిమిది కోళ్ళను గూట్లోకి తోలి బండ మూసింది. తెల్లవారి తీస్తే మూడు చచ్చి ఉన్నాయి. రెక్కలు పరచుకొని, ముక్కులు తెరుచుకొని, గూటి వెనకమూలన పడి ఉన్నాయి. వాటిలో ఒకటి పిల్లల కోడి. గూట్లో చోటు లేక పిల్లల్ని విడిగా గంప కింద మూసిపెట్టారు గనక అవి బతికాయి.

"కొక్కెర తెగులు వచ్చింది" అన్నారు కొందరు. "దిష్టి" అన్నారు ఇంకొందరు. మిగిలిన అయిదు కోళ్ళూ పరుగున పోయి నీళ్ళు తాగి, మధ్యాహ్నానికల్లా పెంటదిబ్బ మీద గీరుకుంటున్నాయి. కొక్కెర తెగులు అలా వదలదు. ఆకుపచ్చని విరేచనాలవుతాయి, మెడ మెలి తిరుగుతుంది, కాళ్ళు, రెక్కలు పడిపోతాయి, రోజుకు కొన్ని చొప్పున మంద అంతా పోతుంది. ఆ తెగులుకు టీకా ఉంది, వేయించవలసిందే. అయితే ఒకే రాత్రిలో, మూసిన గూట్లో, నోళ్ళు తెరిచి చచ్చిన కోళ్ళను చంపింది తెగులు కాదు, వేడి.

అవ్వ ఒప్పుకోలేదు. "మా అత్తకాలం నుంచి ఇదే గూడు నాయనా! అప్పుడు సావని కోళ్ళు ఇప్పుడెందుకు సస్తాయి?" అంది. మంచి ప్రశ్న. సైన్సు చదివే మీరు కూడా ఇలాగే అడగాలి. జవాబు గూటి పక్కనే కనిపించింది, నరికేసిన వేపచెట్టు మొద్దు! గూడు అదే, బండలు అవే. పగటి నీడ పోయింది.

పగటి నీడకూ రాత్రి చావుకూ సంబంధమేమిటంటారా? రాయి వేడిని మెల్లగా తాగుతుంది, మెల్లగానే కక్కుతుంది. పొద్దంతా ఎండ తగిలిన బండ లోపలి ముఖం పొద్దు గూకిన తర్వాత కూడా కాలుతూనే ఉంటుంది. ఆకాశం నిర్మలంగా ఉండే మన సీమలో రాత్రి నేల తన వేడిని పైకి వదిలి త్వరగా చల్లబడుతుంది. అంటే బయట మీకు చల్లగాలి తగిలే వేళకు గూట్లో ఇంకా మధ్యాహ్నమే నడుస్తుంటుంది.

ఇక కోడి సంగతి. జ్వరం చూసే థర్మామీటరు గీతలు 42 డిగ్రీల దగ్గర ముగుస్తాయి. కోడి ఒంటి వేడి ఆరోగ్యంగా ఉన్నప్పుడే 41, 42 డిగ్రీలు! ఇంకో నాలుగైదు డిగ్రీలు పెరిగితే బతకదు. మనకు చెమట పడుతుంది, అది ఆరినప్పుడు ఒళ్ళు చల్లబడుతుంది. కోడికి స్వేదగ్రంథులు లేవు. పైగా ఈకల దుప్పటి ఒకటి. కొంత వేడిని తురాయి నుంచీ కాళ్ళ నుంచీ వదులుతుంది. రెక్కలు ఎడంగా పెట్టి గాలి తగిలించుకుంటుంది. అదీ చాలకపోతే నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పేటప్పుడు గొంతులోని తడి ఆవిరై వేడిని తీసుకుపోతుంది. మామూలుగా నిమిషానికి ముప్ఫైకి లోపు తీసే శ్వాస, అప్పుడు రెండువందలు కూడా దాటుతుంది. అలా రొప్పినప్పుడు రక్తంలోని బొగ్గుపులుసు వాయువు అతిగా బయటికి పోతుంది. గుడ్డుపెంకు కట్టడానికి ఆ వాయువు నుంచి వచ్చే కార్బొనేటు కావాలి కదా! ఎండాకాలం గుడ్లు పలచని పెంకుతో చేతిలోనే చిట్లడానికి ఇదొక కారణం.

రొప్పుడు పనిచేయాలంటే చుట్టూ పొడిగాలి ఉండాలి. మన అనంతపురానికి ఉన్న ఒకే ఒక భాగ్యం ఈ పొడిగాలి. బందరులో గాలి తేమతో బరువెక్కి ఉంటుంది, ఆవిరి కావడం కష్టం. మనం ఏం చేస్తున్నాం? ఎనిమిది కోళ్ళను గాలి చొరని గూట్లో మూసి, వాటి ఊపిరి ఆవిరితోనే రాతిగూటిని బందరు చేస్తున్నాం! పైగా ఎనిమిది నాటుకోళ్ళ ఒంటి నుంచి వచ్చే వేడి సుమారు 60 వాట్ల బల్బు వేడికి సమానం. ఆ బల్బును రాత్రంతా ఆ ఇరుకులో వెలిగించి ఉంచినట్టే.

"తలుపు తీసి పెడితే పిల్లి ఎత్తుకుపోదా?" అని మీరంటారు. పోతుంది. పిల్లి, ముంగిస, నక్క, పాము, అన్నీ ఉన్నాయి. ఆ భయం ఉత్తది కాదు. నేను చెప్పేది బండ తీసేసి ఊరుకొమ్మని కాదు. బండ స్థానంలో కర్రచట్రానికి గట్టి ఇనుపజాలీ కొట్టి బిగించండి. కళ్ళు సన్నగా, అర అంగుళం లోపు ఉండాలి. వెనకవైపు పైన కూడా ఒక కంత వదిలి జాలీ వేస్తే గాలి ఇటునుంచి అటు పోతుంది. జాలీకి డబ్బవుతుంది, నిజమే. చచ్చిన మూడు కోళ్ళ ధర కంటే ఎక్కువా? పిల్లల కోడి పోతే పోయేది ఒక కోడి కాదు, ఇకముందు అది పొదిగే పిల్లలన్నీను. కరువు సీమలో పంట పోయిన ఏడు ఇంట్లో ఆడవాళ్ళ చేతిలో ఆడే చిల్లర, మీ నోటుపుస్తకాల ఖర్చు, చాలాచోట్ల ఈ కోళ్ళదే.

అంతకంటే ముఖ్యం పగటి నీడ. గూటి పైబండ మీద రెండు రాళ్ళు పెట్టి, వాటి మీద కంది కట్టెలో, బోదగడ్డో, కానుగ కొమ్మలో పరచండి. బండకూ కప్పుకూ మధ్య జానెడు సందు ఉండాలి, అందులో గాలి ఆడాలి. వేరుశనగ కట్టె మాత్రం వద్దు, అది పశువుల మేత. కప్పు దొరకనివాళ్ళు బండకు తెల్లగా సున్నం కొట్టండి. తెలుపు ఎండను వెనక్కి తిప్పికొడుతుంది. ఇళ్ళ కప్పుల విషయంలో తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం అని ఒకటి తెచ్చింది. దాని వెనక ఉన్నదీ ఈ సూత్రమే.

నీళ్ళు చల్లడం గురించి నాకు సందేహం ఉంది. లెక్క చూస్తే ముచ్చటగానే ఉంటుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. అంటే ఒక్క లీటరు ఆవిరైతే ఎనిమిది కోళ్ళు రాత్రంతా వదిలే వేడికి సరిపోతుంది. కానీ కాలే బండ మీద బిందెలకొద్దీ కుమ్మరిస్తే బండ ఎంతో కొంత ఆరుతుంది, అమ్మ బోరింగు దగ్గర ఇంకోసారి వరసలో నిలబడాలి. చేయి కడిగిన నీళ్ళతో ఒక గోనెసంచి తడిపి, గాలి వచ్చే వైపు జాలీకి సగం వరకే కట్టండి, చాలు. మూసిన గూట్లో మాత్రం తడిగోనె పెట్టకండి, అది మేలుకంటే కీడే చేస్తుంది. చీకటిపడితే కోడికి చూపు ఆనదు, నీళ్ళు తాగదు. కాబట్టి గూట్లోకి తోలేముందే మట్టిచట్టిలో చల్లని నీళ్ళు పెట్టండి. గింజలు తెల్లవారుజామున వేయండి. అరుగుదల కూడా ఒంట్లో వేడి పుట్టిస్తుంది.

2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రెండువేల మందికి పైగా మరణించారు. కోళ్ళఫారాల్లో లక్షల కోళ్ళు చనిపోయాయి. ఫారం కోళ్ళు లెక్కలోకి ఎక్కుతాయి. పెరటి గూట్లో చచ్చిన మూడు కోళ్ళను ఎవరు లెక్కపెడతారు? మీరు పెట్టవచ్చు. బడిలోని ప్రయోగశాల థర్మామీటర్లు రెండు అడిగి తెచ్చుకోండి. జ్వరం చూసేది పనికిరాదు. ఒకటి గూట్లో, ఒకటి బయట వేలాడదీసి రాత్రి ఏడింటికి, తొమ్మిదింటికి, పదకొండింటికి అంకెలు రాసుకోండి. నీడ కప్పిన తర్వాత మళ్ళీ రాయండి. పెద్దవాళ్ళు మన మాట వినకపోయినా అంకెల మాట వింటారు. అనుమానం ఉంటే బుక్కరాయసముద్రం మండలంలోనే రెడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వెళ్ళి అడగండి.

అవ్వ ఇంట్లో ఆ పని చేసింది ఏడో తరగతి చదివే మనవడు. పదకొండింటికి గూట్లో అంకె, బయట అంకె పక్కపక్కన రాసి చూపించాడు. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు ముందరి బండ లేపించి జాలీ పెట్టించింది. పిల్లి మీద నమ్మకం మాత్రం ఆమెకు ఇప్పటికీ లేదు. మంచాన్ని గూటి పక్కకే జరుపుకొని, చేతికందేట్టు ఒక కట్టె పెట్టుకొని పడుకుంటోంది.