మేము చూచిన చిత్రములు: నోరు విప్పిన ఇల్లాండ్రు



ఈ నెల మా నల్లగొండలో ముసురు పట్టి నాలుగు దినములు విడువలేదు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పి. మా అమ్మాయి సెలవులకు వచ్చి యింటనే యున్నది. కావున మాపటి వంట పెందలకడనే ముగించుకొని, ముగ్గురము టీవీ ముందు చేరి, ఆ ముసురు దినములలోను ఆ తరువాతి వారమందును కలిపి ఆరు చిత్రములు చూచితిమి. ఒక సోదరి పోయిన మారు ఉత్తరము వ్రాయుచు, “మీరు ఎప్పుడును ఏడ్పు చిత్రములే ఏల చూతురు?” అని యడిగినది. ఈ మారు సంతోషముతో చూడదగినది యొకటి కలదు. అది నడుమ వచ్చును. అంతవరకు ఓపిక పట్టవలయును.

మొదటిది ‘అంకుర్’. 1974 నాటిది. హైదరాబాదున పుట్టి పెరిగి, 2024 డిసెంబరులో కాలధర్మము నొందిన శ్యాం బెనెగళ్ గారి తొలి కథాచిత్రమిది. పట్నమునుండి పొలము చూచుకొనుటకు వచ్చిన దొరబిడ్డ, అతని యింట పనిచేయు లక్ష్మి, చెవుడును మూగతనమును గల ఆమె భర్త కిష్టయ్య, ఇంతే కథ. లక్ష్మి వేషము షబానా ఆజ్మీ ధరించెను. ఆమెకు ఇదియే మొదటి చిత్రమనిన నమ్మ శక్యము గాదు; ఉత్తమ నటిగా జాతీయ బహుమానము దీనికే వచ్చినది. పాత్రలు మాటలాడునది మన దక్కనీ యాస యగుటచే అత్తమ్మకు అర్థము చెప్పవలసిన పని లేకపోయెను. చిత్రమంతయు తల వంచుకొని పని చేసికొనిన లక్ష్మి, నిరపరాధియైన భర్తను దొర కొరడాతో కొట్టినప్పుడు నోరు తెరచి శపించును. ఆ వెంటనే యొక చిన్నపిల్లవాడు దొర కిటికీపై రాయి విసరును. జనులు ఆ రాతిని గూర్చియే చెప్పుకొందురు గాని, నాకు దానికంటె ముందు వెడలిన ఆ కేకయే గుండెలో నిలిచినది.

మరుసటి దినము ‘నిశాంత్’ చూచితిమి. ఇదియు బెనెగళ్ గారిదే, 1975 నాటిది. విజయ్ తెండూల్కర్ వ్రాసిన ఈ కథ 1945 నాటి తెలంగాణ పల్లెలో జరుగును. బడిపంతులు భార్యను జమీందారు తమ్ములు బలవంతముగా ఎత్తుకొని పోవుదురు. పంతులు పోలీసుల యొద్దకును అధికారుల యొద్దకును తిరుగును, ఎవరును కదలరు. తుదకు ఊరంతయు తిరుగబడును. ఆ తిరుగుబాటులో ఏ పాపమెరుగని జమీందారు ఇంటి కోడలు రుక్మిణి (స్మితా పాటిల్) కూడ ప్రాణము కోల్పోవును. అది చూచి మా అమ్మాయి లేచి లోపలికి పోయినది. ఈ చిత్రములో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టము తిరుగుబాటు కాదు. గుడిలో భర్త ఎదురైనప్పుడు సుశీల, “ఇన్నినాళ్లు నీవేమి చేసితివి?” అన్నట్లు అతనిని నిలదీయును. అయినను ఒక కొరత చెప్పక తప్పదు. ఊరి ఆడువారందరిని ఈ చిత్రము కిటికీల చాటుననే నిలిపినది. ఆ యేండ్లలోనే, నాడు నల్లగొండ జిల్లాలోనిదైన జనగామ తాలూకాలో, పాలకుర్తి యందు చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దేశ్‌ముఖునకు దక్కనీయక నిలబడినది గదా! ఆమె 1985 వరకు జీవించి యుండెను. మన పల్లెలలో అట్టి నోళ్లును ఉండెనని చిత్రమునకు తెలియకపోయెనా అనిపించినది.

‘దాసి’ని గూర్చి కొంత నిదానముగా వ్రాయవలయును. బి. నర్సింగరావు గారు 1988లో తీసిన తెలుగు చిత్రమిది. ఐదు జాతీయ బహుమానములు వచ్చినవి. అందులో ఒకటి కమలాక్షిగా నటించిన అర్చనకు, మరియొకటి కళాదర్శకత్వము వహించిన చిత్రకారుడు వైకుంఠము గారికి. పెండ్లికూతురితో బాటు అరణముగా అత్తవారి గడీకి పంపబడు ఆడబాప కథ ఇది. ఆమె ఊడ్చును, తోమును, దొరసాని కాళ్లు పిసుకును; రాత్రి దొర పిలిచిన పోవలయును, దొర యింటికి చుట్టము వచ్చిన అతని గదికిని పోవలయును. కడుపు వచ్చిన ఆ కడుపును తీసివేయించుకొనుమని యానతి యగును. సంభాషణములు మిక్కిలి తక్కువ. చీపురు చప్పుడు, బిందె చప్పుడు, తలుపు గడియ చప్పుడు, అంతే. పాటలు లేవని విసుగుకొనువారు కొంత సహనము తెచ్చుకొని చూడుడు.

మా అత్తమ్మ పుట్టినిల్లు పాలమూరు జిల్లాలో వనపర్తి దిక్కున ఒక పల్లె. ఎనుబది దాటిన వయస్సు. చిత్రము సగమైనప్పుడు ఆమె నాతో, “ఆ చీపురు సప్పుడు జర తగ్గియ్యి బిడ్డా” అనినది. నేను తగ్గించితిని. కొంతసేపటికి తానే చెప్పినది. ఆమె తల్లి వెట్టికి గడీలో వడ్లు దంచ పోయెడిదట. “మాపటికి వచ్చి కాళ్లు కడుక్కొని, మాతోని ఒక్క మాట మాట్లాడకుంట గోడ దిక్కు తిరిగి పండేది. అలసిందేమొ అనుకునేదాన్ని” అనినది. నలుబది యేండ్లకు మించి నేను ఈ యింట నుంటిని. ఈ మాట నా చెవిని బడుట ఇదే మొదలు. ఆ రాత్రి అత్తమ్మ అన్నము ముట్టలేదు. మజ్జిగ మాత్రము త్రాగినది.

కనుక మరునాడు ‘మల్లేశం’ పెట్టితిమి. సోదరి కోరిన సంతోషపు చిత్రమిదే. 2019లో రాజ్ రాచకొండ గారు తీసిరి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము గారి నిజజీవితము. ఆ ఊరు 2016 వరకు మన నల్లగొండ జిల్లాలోనిదే. పోచంపల్లి చీర కట్టువారిలో ఎందరికి తెలియునో గాని, ఆ చీర మగ్గమెక్కుటకు ముందు ఆసు పోయవలయును. చీలలచుట్టు నూలు పోయుచు ఒక్కొక్క చీరకు తొమ్మిది వేల మారులు చేయి ఆడించవలయును. ఆ పని ఎప్పుడును ఇంటి ఆడుదానిదే. తల్లి లక్ష్మమ్మ భుజము పడిపోవుట చూచి, చదువు మధ్యలో విడిచిన కుమారుడు ఆ పని చేయు యంత్రమును ఏండ్ల తరబడి శ్రమించి 1999 నాటికి సిద్ధము చేసి, దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో పద్మశ్రీ వచ్చినది. ప్రియదర్శి, తల్లి వేషమున ఝాన్సీ మిక్కిలి సహజముగా నుండిరి. భార్యగా అనన్య నాగళ్ల చక్కగా నటించినది గాని, ఆ యేండ్లు ఇల్లెట్లు గడిచినదో భార్య నోట ఇంకను నాలుగు మాటలు వినవలసి యుండెను. అత్తమ్మ తన పోచంపల్లి చీరను పెట్టెలోనుండి తీయించి ఒడిలో పెట్టుకొని చూచినది.

ఇక ‘ఫైర్’. 1996లో దీపా మెహతా ఆంగ్లమున తీసిన చిత్రము. మన దేశములో 1998లో విడుదలయి, ఆ డిసెంబరులో బొంబాయి, ఢిల్లీ నగరములలో థియేటర్లపై దాడులు జరిగినవి. నాడు పత్రికలలో చదివి, ఇది మన యిండ్లలోనికి రాదగినది గాదని నేనును అనుకొంటిని. చూడకయే అనుకొంటిని, ఆ సంగతి ఒప్పుకొనుటకు సిగ్గుగా నున్నది. ఢిల్లీలో ఒక ఉమ్మడి కుటుంబము. పెద్దకోడలు రాధ మన ‘అంకుర్’ లక్ష్మియే, షబానా. భర్త స్వామీజీ మాట విని పదమూడేండ్లుగా బ్రహ్మచర్య వ్రతములో నున్నాడు. చిన్నకోడలు సీత (నందితా దాస్) భర్తకు వేరొకతె కలదు. ఒకే వంటింట పొగలో కన్నీరు తుడుచుకొను ఈ యిద్దరు తోటికోడండ్రు ఒకరిపై నొకరు ప్రేమ పెంచుకొందురు. అది అక్కచెల్లెండ్ర ప్రేమ గాదు, దంపతుల ప్రేమయే. తోటలో అందరి యెదుట సీత రాధ పాదములొత్తుచుండగా, పెద్దకొడుకు తన కుటుంబపు మంచితనమునకు మురిసిపోవును! ఆ ఘట్టమున మేము ముగ్గురము నవ్వితిమి. ఇంటిలో ఆడువారు ఏమి యనుభవించుచున్నారో మగవారికి ఎంత తెలియునో అంతయు అందులోనే యున్నది. భర్తలను మరీ కఠినులుగా చిత్రించిరనునది నా ఆక్షేపణ. మంచి భర్త యున్న యింట ఇట్టి ప్రేమ పుట్టినచో ఏమగునన్న కష్టమైన ప్రశ్నను చిత్రము తప్పించుకొన్నది.

ఆ కష్టమైన ప్రశ్నను ఎత్తుకొన్నది ‘కాదల్ ది కోర్’. 2023 నవంబరులో విడుదలయిన మలయాళ చిత్రము; దర్శకుడు జియో బేబీ. ఆ యేటి ఉత్తమ చిత్రముగా కేరళ రాష్ట్ర బహుమానము పొందినది. మా అమ్మాయి ప్రక్కన కూర్చుండి అర్థము చెప్పుచుండగా చూచితిమి. బ్యాంకు ఉద్యోగము చేసి విరమించిన మాథ్యూ (మమ్ముట్టి) పంచాయతీ ఉపయెన్నికలో నిలబడును. ఆ సమయముననే అతని భార్య ఓమన (జ్యోతిక) విడాకులకై న్యాయస్థానమున కేసు వేయును. భర్త త్రాగుబోతు గాడు, కొట్టువాడు గాడు, కోపిష్ఠి గాడు. అతని మనస్సు పురుషుని యందున్నది, అంతే. ఇరువది యేండ్ల కాపురములో అతడు తన్ను తాను దాచుకొనెను. ఆమె తన యాకలిని దాచుకొనెను. కేసు నడుచుచుండగా ఇద్దరును ఒకే యింట ఉందురు, ఒకే బల్లపై భోజనము చేయుదురు. ఒకరిపై నొకరు పరుషముగా మాటలాడరు. ఇట్టి కాపురమును నేను ఏ చిత్రములోను చూచి యుండలేదు.

పెద్దలు అంగీకరించిన ఇద్దరు పురుషుల ప్రేమ 2018 సెప్టెంబరు 6వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము తీర్పు వచ్చువరకు ఈ దేశమున నేరముగా నుండెను. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ ప్రకరణము అట్లు చెప్పినది. మాథ్యూ భయము ఊరక పుట్టినది గాదు. కాని ఆ భయము ఖర్చు ఎవరు చెల్లించిరి? ఓమనయు చెల్లించినది. చిత్రమంతటిలో నన్ను కదిలించిన ఘట్టము వేరొకటి. మాథ్యూ వృద్ధ తండ్రి న్యాయస్థానమున నిలిచి, కుమారుని సంగతి తనకు ముందే తెలియుననియు, పెండ్లి చేసిన కుదురుకొనునని తానే చేసితిననియు ఒప్పుకొనును.

“నాయనమ్మా, ఓమన చేసింది మంచిదేనా?” అని మా అమ్మాయి అడిగినది. అత్తమ్మ వెంటనే, “ఇద్దరిని బతికిచ్చింది గదనే” అనినది. నేను మాత్రము ఏమియు అనలేకపోతిని. కారణము చెప్పెదను.

ఇరువది రెండేండ్ల క్రిందట నేను ఒక సంబంధము కుదిర్చితిని. పిల్లవాడు మా బంధువులలోనివాడు, సౌమ్యుడు, ఉద్యోగస్థుడు. అతని తల్లి నాతో ఏకాంతమున, “వానికి లగ్గం మీద మనసు లేదంటున్నడు వదినె. చేస్తె అదే కుదురుతది” అనినది. నేను సిగ్గనుకొంటిని. పిల్ల మా పుట్టింటి పొరుగున పెరిగినది, నన్ను అక్కా యని పిలుచును. మూడవ యేట ఆమె పుట్టింటికి మరలి వచ్చినది. గొడ్రాలనిరి, పొగరనిరి. ఆమె ఎవరితోను ఏమియు చెప్పలేదు. ఒక పెండ్లి పందిటిలో నేను కూడ, “కొంచెము సర్దుకొనవలసినది చెల్లెలా” అంటిని. వారిద్దరి నడుమ ఏమి జరిగినదో నేటికిని నాకు తెలియదు. తెలిసికొను అధికారమును నాకు లేదు. పెండ్లికి ముందు ఆ పిల్లవానిని గాని, పెండ్లి తరువాత ఈ పిల్లను గాని నేను ఒక్క మాట అడుగలేదు. అడుగకయే ఆ మాట అంటిని.

చిత్రము చూచిన మరునాడు ఆమెకు ఫోను చేసి, ఆనాటి నా మాటకు క్షమింపుమంటిని. “ఎందుకక్కా ఇప్పుడు?” అనినది. చిత్రకథ చెప్పితిని. ఓమన సంగతి చెప్పినప్పుడు ఊకొట్టినది. వృద్ధుడు సాక్ష్యము చెప్పిన ఘట్టమునకు వచ్చునప్పటికి ఊకొట్టుట ఆగినది. తీగ తెగినదేమో అనుకొంటిని. చాల సేపటికి, “ఆ ముసలాయన నిజంగనే కోర్టుల చెప్పిండా అక్కా?” అని యడిగినది.

చెప్పెననియే అంటిని. సద్దుల బతుకమ్మకు మా యింటికి వచ్చి, ఆ చిత్రము తానును చూచెదననినది.

వచ్చు నెలకు 1939 నాటి ‘వరవిక్రయము’ చూడవలెనని అత్తమ్మ కోరిక. భానుమతి గారి మొదటి చిత్రము, కట్నపు కథ. మీలో చూచినవారు మీ యభిప్రాయము నాకు వ్రాయుడు.