మతపాఠశాలలు – బాలుని హక్కు

కోరుకొండ చుట్టుపట్ల అర్చకత్వము, పౌరోహిత్యము జీవనాధారముగా గల కుటుంబములలో బాలునికి ఏడెనిమిదేండ్లు నిండుసరికి ఒక ప్రశ్న పుట్టును. వానిని వేదపాఠశాలకు పంపుటయా, ఊరిబడిలోనే యుంచుటయా? ముమ్మడినాయకుడు రాజధానిగా నేలిన, లక్ష్మీనరసింహస్వామి కొండ నేటికిని యాత్రికులను పిలుచుచున్న యీ సీమలో నిది తేలికగా తీరు ప్రశ్న కాదు. ఇదే ప్రశ్నతో యూదులు చిరకాలముగా పెనగులాడుచున్నారు. వారి యనుభవము మనకు వినదగినది.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున యెహోషువ బెన్ గమ్లా యను ప్రధానయాజకుడు పట్టణపట్టణమునను ఉపాధ్యాయులను నియమించి ఆరేడేండ్ల బాలురను బడిలో చేర్పించెనని తాల్మూదు గ్రంథము చెప్పుచున్నది. ఒక గురువునకు 25 మంది బాలురు; 40 మందియైనచో సహాయకుడు; 50 మందియైనచో ఇరువురు గురువులు. మన 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రాథమిక పాఠశాలకు విధించినది 30 మంది! పెద్ద బాలురు చదువు యెషీవాలో ఇద్దరిద్దరు జతగా గూర్చుండి, ఒక్కొక్క వాక్యముపై గొంతెత్తి వాదించుకొందురు. మన వేదపాఠశాలలో వాదము కాదు, స్వరము ప్రధానము. గురుముఖమున విని, పదము, క్రమము, జట, ఘనము అని వల్లించి, అక్షరము జాఱకుండ నిలుపుకొందురు. మార్కులకై గైడుపుస్తకములు బట్టీపట్టించు నేటి బడులలో అటు వాదమును లేదు, ఇటు ధారణయును లేదు. కావున మతపాఠశాలలను ఎగతాళి చేయువారితో మేము ఏకీభవింపజాలము.

అయినను రెండవ పక్షమును చూడవలెను. న్యూయార్కు నగరమున హసీదీ శాఖవారి బాలుర పాఠశాలలు కొన్నింట ఆంగ్లము, గణితము నామమాత్రమైనవనియు, పెద్ద తరగతులలో అవియును లేవనియు, ఆ బడులలో చదివి వెలికివచ్చిన యువకులే 2015లో అధికారులకు ఫిర్యాదు చేసిరి. ప్రైవేటుబడి చదువు ప్రభుత్వపు బడి చదువునకు సారమున సమానముగా నుండవలెనని ఆ రాష్ట్రపు శాసనము. ఆ నియమమును అమలుపఱచు నిబంధనలను 2022లో చేసిరి; 2025లో శాసనసభ వానిని సడలించినది. వోట్ల బలము అక్కడను ఉన్నది కాబోలు.

ఈ లోపము మతమునుండి పుట్టినది కాదు. అదే అమెరికాలో మఱియొక శాఖ యూదుల బడులలో పూటకొక చదువుగా తోరాయును, భౌతికశాస్త్రమును నేర్పుచున్నారు. కొడుకునకు ధర్మశాస్త్రముతోబాటు ఒక వృత్తిని గూడ నేర్పుట తండ్రి విధియని తాల్మూదే విధించినది. ఈత గూడ నేర్పవలెనని కొందఱు పెద్దల మతము. వింత యేమనగా, తాల్మూదు పాఠము బాలురకే పరిమితమగుటచే, ఛాందస కుటుంబములలో బాలికలకే లౌకికవిద్య యెక్కువగా దక్కుచున్నది! మన యిండ్లలోను అంతే. అక్క హైస్కూలులో పదవతరగతి ముగించుచుండగా, తమ్ముడు ఘనపాఠియై వచ్చియు బ్యాంకు కాగితమును పరులచే నింపించుకొనవలసిన గతి పట్టవచ్చును. 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల తెఱచిన వీరేశలింగము పంతులుగారు ఈ తలక్రిందుల వింతను ఊహించియుండరు.

మన శాసనము చేసినదేమి? 2009 చట్టము ఆరునుండి పదునాలుగేండ్ల పిల్లలందఱకు విద్యను హక్కుగా నొసగెను. 2012 సవరణ మదరసాలను, వేదపాఠశాలలను, ముఖ్యముగా మతబోధ చేయు సంస్థలను ఆ చట్టమునుండి తొలగించెను. సంస్థలకు స్వేచ్ఛ దొరకెను. ఆ సంస్థలలోని బాలుని హక్కు ఎవరి చేతిలో నున్నది? ఈ మాట కోనసీమ వేదపాఠశాలకు వలెనే రాజమహేంద్రవరపు మదరసాకును వర్తించును.

త్రోవ లేకపోలేదు. ఉజ్జయినిలోని మహర్షి సాందీపని వేదవిద్యా ప్రతిష్ఠానము వేదముతోబాటు గణితము, ఆంగ్లము, విజ్ఞానశాస్త్రముల నేర్పు పాఠ్యక్రమము నేర్పఱచినది. కాని దాని ననుసరింపవలెనను నిర్బంధము అన్ని పాఠశాలలకును లేదు. శాసనసవరణకు ఢిల్లీలో ఎన్నేండ్లు పట్టునో! అంతవఱకు వేచియుండ నక్కఱలేదు. వేదపాఠశాలలను నడపు దేవస్థానములు దినమునకు రెండు గంటలు, ఇద్దఱు ఉపాధ్యాయులను కేటాయించి, ప్రతి విద్యార్థిని సార్వత్రిక విద్యాపీఠపు పదవతరగతి పరీక్షకు కూర్చుండబెట్టవచ్చును. ఆ వ్యయము హుండీకి బరువు కాదు. రానున్న ప్రవేశములకు ముందే దేవస్థానముల పాలకులు ఈ విషయమున తమ నిర్ణయమును ప్రకటింపవలసినదిగా కోరుచున్నాము.