సంపాదకుని మాట: విల్కిన్స్ వేసిన లెక్క

రేడియో తరంగాలతో శత్రువు విమానాన్ని నిర్వీర్యం చేయగలమా? 1935లో బ్రిటన్ వైమానిక శాఖ వేసిన ఈ ప్రశ్నను రాబర్ట్ వాట్సన్-వాట్ తన సహాయకుడు ఆర్నాల్డ్ విల్కిన్స్‌కు అప్పగించారు. లెక్క కట్టిన విల్కిన్స్ అది అసాధ్యమని తేల్చారు. అంతటితో ఊరుకోలేదు. విమానానికి తగిలి వెనక్కి వచ్చే తరంగాన్ని పట్టుకుంటే విమానం రాకను ముందే తెలుసుకోవచ్చన్నారు. ఫిబ్రవరి 26న డావెంట్రీ దగ్గర, బీబీసీ ప్రసార తరంగాలతోనే అది రుజువైంది. నా దృష్టిలో రాడార్ చరిత్రలో అసలు మలుపు ఆ లెక్కే. ఆయన పేరు మాత్రం మనకు ఎక్కువగా వినబడదు.

1940 వేసవిలో, బ్రిటన్ మీదికి వచ్చిపడుతున్న జర్మన్ విమానాలను ‘చైన్ హోమ్’ రాడార్ కేంద్రాలు దూరంనుంచే పసిగట్టాయి. ఆ కేంద్రాల్లో తెరల ముందు కూర్చున్నవారిలో ఎందరో యువతులున్నారు. అదే ఏడాది బర్మింగ్‌హామ్‌లో శాస్త్రవేత్తలు రాండల్, బూట్ రూపొందించిన, శక్తిమంతమైన సూక్ష్మ తరంగాలను పుట్టించే క్యావిటీ మాగ్నెట్రాన్ రాడార్ చూపుకు పదును పెట్టింది. ఆ కొత్త రాడార్‌ను పరీక్షిస్తూ, స్టీరియో ధ్వనికి ఆద్యుడైన ఆలన్ బ్లూమ్లైన్ 1942 జూన్ 7న విమాన ప్రమాదంలో మరణించారు. అప్పటికి ఆయనకు 38 ఏళ్లే.

విశాఖ, మచిలీపట్నాల్లో తుపానును దూరంనుంచే గమనించే రాడార్లు ఆ కృషికి వారసులే. ఈ సంచికను మీ ఇంటి పిల్లల చేత కూడా చదివించండి.